కెగ్ నుంచి పట్టేటప్పుడు నురగ పొంగిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

గోలీ సోడా తాగి పెరిగిన ప్రాంతం మనది. ఆర్టోస్ కూల్‌డ్రింకు తయారయ్యేది మన రామచంద్రపురంలోనే. ఇప్పుడు ఇంట్లోనే సుగంధి సోడా, అల్లం సోడా, నిమ్మ సోడా చేసుకుని, స్టీలు కెగ్‌లో, అంటే గ్యాసు ఒత్తిడిని తట్టుకునే మూతబిగి పీపాలో పోసి, గ్యాసు ఎక్కించి, ట్యాప్ తిప్పి పట్టుకునేవాళ్లు గోదావరి డెల్టాలో అక్కడక్కడా కనిపిస్తున్నారు. ఫంక్షన్లకి కెగ్‌లు పెట్టడం మా పని కాబట్టి వాళ్ల ఫోన్లు మాకు వస్తుంటాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు కాచుకునే మనవాళ్లు కూడా అడుగుతుంటారు. అందరి బాధా ఒకటే. గ్లాసు పెడితే ముప్పావు వంతు నురగ, అడుగున నాలుగు గుక్కల సోడా.

నురగ కనపడగానే అందరి చెయ్యీ గ్యాసు ఒత్తిడిని సర్దే రెగ్యులేటరు మీదకే పోతుంది. దయచేసి దాన్ని అప్పుడే ముట్టుకోకండి. ముందు థర్మామీటరు తీయండి.

అసలు ఇంత నురగ ఎందుకు వస్తుందండీ?

సోడాలో గానీ బీరులో గానీ ఉన్నది కరిగిన కార్బన్ డయాక్సైడ్. చల్లగా ఉన్నంతసేపు, పైన ఒత్తిడి ఉన్నంతసేపు అది బుద్ధిగా కరిగే ఉంటుంది. కెగ్ నుంచి గ్లాసు దాకా ఉన్న దారిలో ఎక్కడ వేడి తగిలినా, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినా, గరుకైనది ఏదైనా అడ్డొచ్చినా బుడగలై బయటపడుతుంది. ఆ బుడగలే నురగ.

వేడి ప్రభావం ఎంతో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది. లీటరు ద్రవంలో రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉండాలనుకుందాం, మామూలు బీరులో ఉండేది దాదాపు అంతే. 4 డిగ్రీల దగ్గర ఆ గ్యాసుని పట్టి ఉంచడానికి 12 పీఎస్‌ఐ (రెగ్యులేటరు మీద కనిపించే ఒత్తిడి కొలత) చాలు. 10 డిగ్రీలైతే 17, 18 కావాలి. 20 డిగ్రీలకి 27, 28. మన వేసవిలో నీడపట్టున ఉండే 30 డిగ్రీలకైతే 38 దాకా కావాలి. అంటే 4 డిగ్రీల దగ్గర గ్యాసు ఎక్కించిన సోడా, కెగ్ నుంచి ట్యాప్ దాకా వెళ్లే 30 డిగ్రీలున్న ట్యూబులోకి వచ్చిందంటే, 12 పీఎస్‌ఐతో దాన్ని పట్టి ఉంచడం కుదరని పని. ఈ అంకెలన్నీ సముద్రమట్టానికి సరిపోయేవి, డెల్టా కూడా ఆ మట్టానికి దగ్గరే కాబట్టి మనం ఏమీ సవరించుకోనక్కర్లేదు.

గ్యాసు ఒత్తిడి తగ్గిస్తే నురగ తగ్గదా?

తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ పూటకి తగ్గుతుంది కూడా. మర్నాటికి ఇంకా ఎక్కువవుతుంది.

కెగ్‌లో ఉన్న సోడాకి 12 పీఎస్‌ఐ కావాల్సి ఉంటే మీరు 5కి తగ్గించారనుకోండి. లోపల కరిగిన గ్యాసు నెమ్మదిగా పైకి వచ్చేస్తుంది. కదలకుండా ఉన్న ట్యూబులో కూడా అదే జరుగుతుంది. సోడా మధ్యలో గాలి ఖాళీలు ఏర్పడతాయి. ట్యాప్ తిప్పగానే తుపుక్, తుపుక్ అని ఉమ్మినట్టు వచ్చి తరవాత నురగ దిగుతుంది. అప్పుడు ఇంకా తగ్గిస్తారు, ఇంకా ఉమ్ముతుంది. నాలుగు రోజులకి కెగ్ అంతా చప్పబడిపోతుంది.

అయితే ఒక సందర్భంలో మాత్రం తగ్గించడం సరైన పనే. కెగ్ మొత్తం రెండు మూడు గంటల్లో ఖాళీ అయిపోయే ఫంక్షన్ అయితే, పైన ఉన్న గ్యాసు కొంచెం వదిలేసి, 4, 5 పీఎస్‌ఐ మీద పట్టేయొచ్చు. అంత తక్కువసేపట్లో సోడా చప్పబడదు. రాత్రికి మిగిలితే మాత్రం రెగ్యులేటరు ముల్లుని మళ్లీ పాత అంకెకి తెచ్చి పెట్టండి.

నురగ ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం ఎలా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే సగం పని అయినట్టే. కావాల్సినవి రెండు: వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటరు, సెల్‌ఫోన్ టార్చి.

కెగ్‌ని కనీసం ఓ పూట కదపకుండా ఉంచి, ఒక గ్లాసు పట్టండి. అది పక్కన పెట్టి వెంటనే రెండోది, మూడోది పట్టండి. మూడింటిలోనూ థర్మామీటరు ముంచి చూడండి. మొదటి గ్లాసు 12 డిగ్రీలు, మూడోది 5 డిగ్రీలు అయితే మీ ట్యాపు, ట్యూబు వేడిగా ఉన్నాయి, కెగ్‌ది తప్పు లేదు. మూడు గ్లాసులూ 10 డిగ్రీలే అయితే కెగ్గే చల్లబడలేదు. ఫ్రిజ్ డిస్‌ప్లే మీద 4 అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. అది చెప్పేది గాలి సంగతి. 19 లీటర్ల సోడా పూర్తిగా చల్లబడటానికి ఒక రోజు పడుతుంది, ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీస్తే ఇంకా ఎక్కువ.

చల్లదనం అంతా బాగుందని తేలాక టార్చి తీయండి. ట్యాప్ మూసి ఉండగా పారదర్శకంగా ఉన్న ట్యూబుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడండి. ట్యూబు పై వంపులో వేలెడంత ఖాళీ నిలబడి ఉందా? గ్యాసు విడిపోతోందన్నమాట. ఒత్తిడి తక్కువైనా అయ్యుండాలి, సోడాలో గ్యాసు మోతాదు మించైనా ఉండాలి. ఇప్పుడు ట్యాప్ తిప్పి, కెగ్ మీద క్లిప్పు బిగించే చోట చూపు పెట్టండి. అక్కడి నుంచే సన్నటి బుడగలు దారం కట్టినట్టు వరసగా వస్తున్నాయంటే, లోపలి గొట్టం మెడ దగ్గరున్న చిన్న రబ్బరు రింగు పాడయింది. కెగ్ పైభాగంలో ఉన్న గ్యాసు ఆ సందులోంచి దూరి సోడాతో కలిసిపోతోంది. పది రూపాయల రింగు చేసే గొడవ ఇది. అది పోయిందని తెలియక రెగ్యులేటర్లు మార్చినవాళ్లున్నారు. కెగ్‌లో గ్యాసంతా వదిలేశాకే క్లిప్పు బిగించే చోటున్న నట్టు విప్పండి, ఒత్తిడి ఉండగా విప్పితే అది ఎగిరి మొహానికి తగులుతుంది. కొత్త రింగుకి ఆహారానికి పనికొచ్చే గ్రీజు కొద్దిగా రాసి బిగించండి.

ట్యూబు నిండా సోడా తేటగా వచ్చి, ట్యాప్ మూతి దగ్గర మాత్రమే తెల్లబడుతుంటే ట్యాప్ లోపల పాచి గానీ, సున్నం గానీ, చిరిగిన వాషరు గానీ ఉంటుంది.

మొదటి గ్లాసు ఒక్కటే నురగ, తరవాతవి బాగానే ఉంటున్నాయి. ఏం చేయాలి?

పైన చెప్పినట్టు ట్యాప్ వేడి. ఫ్రిజ్ బయట స్తంభంలా నిలబెట్టిన ట్యాపులకి ఇది తప్పనిసరిగా ఉంటుంది. వరసగా పట్టేటప్పుడు చల్లటి సోడా వల్ల అదీ చల్లబడుతుంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ మొదటికొస్తుంది. ఫ్రిజ్ లోపలి చల్లగాలిని ఆ స్తంభంలోకి ఊదే చిన్న కంప్యూటర్ ఫ్యాను పెట్టుకుంటే చాలావరకు పోతుంది. ఇంటి వాడకానికైతే ట్యాపుని ట్యూబుతో సహా ఫ్రిజ్‌లోనే ఉంచి, కావాల్సినప్పుడు తలుపు తీసి పట్టుకోవడం అన్నిటికన్నా చవక. మాకు అదే ఇష్టం.

ట్యూబు ఎంత పొడుగు ఉండాలి?

ట్యూబు చేసే పని సోడాని మోసుకురావడం మాత్రమే కాదు. ఒత్తిడిని దారి పొడుగునా కొంచెం కొంచెంగా తగ్గించి, ట్యాప్ దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిగా దిగేలా చేయడం దాని అసలు పని. పొట్టి ట్యూబులో ఒత్తిడంతా ట్యాప్ దగ్గర ఒక్కసారే పడిపోతుంది, సోడా గ్లాసుని బాదుతుంది.

లోపలి రంధ్రం 5 మిల్లీమీటర్లున్న ట్యూబు, 12 పీఎస్‌ఐ ఒత్తిడి అయితే 3 మీటర్లు పెట్టుకోండి. సోడాకి ఇంత సరిపోదు. సోడా గొంతులో చురుక్కుమనాలంటే లీటరుకి మూడున్నర లీటర్ల గ్యాసు కావాలి. దానికి 4 డిగ్రీల దగ్గర 22, 23 పీఎస్‌ఐ పెట్టాలి. అప్పుడు ట్యూబు 6 నుంచి 8 మీటర్లు ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. కెగ్‌తో పాటు వచ్చిన మీటరున్నర ట్యూబుతోనే సోడా పట్టాలని చూస్తారు.

రంధ్రం సైజు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. 4 మిల్లీమీటర్ల ట్యూబైతే పొడుగు సగానికి దగ్గరగా తగ్గించుకోవచ్చు. 6 మిల్లీమీటర్లకి పైన ఉన్నది, అంటే హార్డ్‌వేర్ షాపులో మామూలుగా దొరికే లెవెల్ పైపు, ఎంత పొడుగు పెట్టినా ఉపయోగం లేదు. పైగా అది తినే, తాగే వస్తువులకి తయారు చేసింది కాదు. ట్యాప్ కెగ్ కంటే ఎత్తులో ఉంటే ప్రతి అడుగుకీ అర పీఎస్‌ఐ ఎత్తే తినేస్తుంది, ఆ మేరకు ట్యూబు తగ్గుతుంది.

ముందు పొడుగ్గా పెట్టుకుని, మరీ నెమ్మదిగా వస్తోందనిపిస్తే అరమీటరు చొప్పున కోసుకుంటూ రండి. 300 మిల్లీలీటర్ల గ్లాసు 6 నుంచి 8 సెకన్లలో నిండితే సరిగ్గా ఉన్నట్టు. ట్యూబుని చుట్టలు చుట్టి కెగ్ పక్కనే చల్లగా ఉండేలా పెట్టండి. 8 మీటర్ల ట్యూబు బయట వేలాడుతూ ఉంటే దాన్ని పెట్టీ లాభం ఉండదు. అంత ట్యూబు పెట్టే చోటు లేనివాళ్లకి ప్రవాహాన్ని మీటతో తగ్గించుకునే ట్యాపులు ఉన్నాయి. సోడాకి అవి మంచివే. ఏ ట్యాప్ కొన్నా స్టీలుదే కొనండి. సోడా పుల్లటి ద్రవం, పూత ఊడిన ఇత్తడి ట్యాపులోంచి రాగిని లాగేస్తుంది.

గ్యాసు మరీ ఎక్కువ ఎక్కిపోయింది. తీయడం కుదురుతుందా?

కుదురుతుంది, ఓపిక ఉండాలి. గ్యాసు పైపు తీసేయండి. మూత మీదున్న రిలీఫ్ వాల్వు రింగు లాగి పైన ఉన్న ఒత్తిడి వదిలేయండి. రెండు మూడు గంటలాగితే లోపలి గ్యాసు మళ్లీ పైకి వస్తుంది, మళ్లీ వదలండి. ఒక రోజులో చాలావరకు దారిలోకి వస్తుంది. వాల్వు లాగేటప్పుడు మీద గుడ్డ కప్పండి. కెగ్ మెడ దాకా నింపి ఉంటే సోడా చిమ్ముతుంది. అందుకే 19 లీటర్ల కెగ్‌లో 18 లీటర్లకి మించి పోయొద్దని చెబుతుంటాం. లోపలి పొట్టి గ్యాసు గొట్టం సోడాలో మునగకూడదు, మునిగితే సోడా వెనక్కి ఎక్కి రెగ్యులేటరు దాకా పోతుంది.

తొందరగా ఎక్కాలని కెగ్‌ని ఊపొచ్చా?

ఊపితే తొందరగా ఎక్కుతుంది, ఎక్కడ ఆగాలో తెలియదు. పై ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది 40 పీఎస్‌ఐ పెట్టి ఊపినవాళ్లే. చల్లబరిచిన కెగ్‌కి కావాల్సిన ఒత్తిడి పెట్టి వారం, పది రోజులు వదిలేస్తే అది ఎంత పట్టాలో అంతే పడుతుంది. పెళ్లి ముహూర్తం నెల ముందే తెలుస్తుంది కదా, కెగ్ కూడా పది రోజుల ముందే పెట్టుకోండి.

నిమ్మ సోడా బాగానే వస్తోంది. సుగంధి సోడాకే ఇంత నురగ ఎందుకు?

సుగంధిపాల వేరులో సాపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయ నురగకి కారణమైన పదార్థాలు ఆ జాతివే. వేరు కషాయం ఎంత చిక్కగా కాస్తే నురగ అంత గట్టిగా నిలబడుతుంది. బీరులో ఈ పని బార్లీ ప్రొటీన్లు, హాప్స్ అనే పూల చేదు చేస్తాయి. మామూలు సోడాలో అలాంటివేవీ లేవు కాబట్టి నురగ వచ్చినా క్షణంలో అణిగిపోతుంది.

దీనికి మేం పాటించే పద్ధతి ఒకటుంది, ఫంక్షన్లకి మేం అలాగే చేస్తాం. కెగ్‌లో ఉత్త సోడా నీళ్లే ఉంచుతాం. సుగంధి పాకం విడిగా సీసాలో చల్లగా ఉంటుంది. గ్లాసులో పాకం పోసి, గ్లాసు వంచి, అంచు వెంట సోడా పట్టి, చెంచాతో ఒక్కసారి నెమ్మదిగా తిప్పి ఇచ్చేయడమే. నురగ గొడవ ఉండదు. కెగ్‌కి, ట్యూబుకి వాసన పట్టదు, ఒకే కెగ్ మీద మూడు నాలుగు రకాలు ఇవ్వొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి పాకం తగ్గించి పోయొచ్చు. కెగ్‌లోనే అంతా కలిసి ఉండాలని పట్టుదల ఉంటే కషాయం పల్చగా కాచి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి పోయండి.

సబ్జా గింజలు, మామిడి గుజ్జు, అల్లం ముక్కలు కెగ్‌లో వేయొచ్చా?

వద్దు. సబ్జా గింజ ఉబ్బి లోపలి గొట్టం మూతిని మూసేస్తుంది. అల్లం పీచు, మామిడి గుజ్జు వాల్వు స్ప్రింగులో ఇరుక్కుంటాయి. దారి ఇరుకైన చోట ఒత్తిడి పడిపోతుంది, అక్కడే నురగ మొదలు. మొన్నటిదాకా బాగా వచ్చి ఈ రోజు హఠాత్తుగా నురగ మొదలైతే ముందు అనుమానించాల్సింది ఈ అడ్డునే. ఇవన్నీ గ్లాసులో వేసుకోండి.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెబుతాం. నిమ్మ సోడాలో పొడి ఉప్పు వేయగానే బుస్సున పొంగడం మన బడ్డీ కొట్ల దగ్గర అందరం చూసిందే. ఉప్పు గింజల గరుకు మీద గ్యాసు ఒక్కసారిగా బుడగలు కడుతుంది. ఉప్పుని ముందే నిమ్మరసంలో పూర్తిగా కరిగించి, దాని మీద సోడా పట్టండి, అంతగా పొంగదు.

మే నెలలో పెళ్లి, ఆరుబయట షామియానా. కెగ్ నిలబడుతుందా?

నిలబడుతుంది. కానీ ఆ రోజు పనంతా చల్లదనం కాపాడటమే.

ముందు ప్రయాణం. కెగ్‌ని ముందు రోజే ఫ్రిజ్‌లో 3, 4 డిగ్రీలకి తెచ్చి, చేపలకి వాడని కొత్త థర్మాకోల్ పెట్టెలో గానీ, తడి గోనె చుట్టి గానీ బండిలో పెట్టండి. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వైపు పంటు మీద దాటేటప్పుడు ఎండలో వెయిటింగ్ ఉంటుంది, బండి డిక్కీ పొయ్యిలా కాగుతుంది. గతుకుల రోడ్డు మీద కదిలిన సోడాలో సన్నటి బుడగలు తేలుతూ ఉంటాయి. అందుకే మండపానికి భోజనాల వేళకి కాకుండా రెండు మూడు గంటలు ముందే చేరుకుని కెగ్‌ని కదపకుండా వదిలేయాలి.

ఐసుకి మన దగ్గర లోటు లేదు, చేపల, రొయ్యల ఎగుమతుల పుణ్యమా అని డెల్టాలో ఐస్ ప్లాంట్లు బోలెడు. కానీ ఆ దిమ్మ ఐసు తాగే నీళ్లతో చేసింది కాకపోవచ్చు. కెగ్ చుట్టూ వేయడానికే వాడండి, గ్లాసులోకి రానీయకండి. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో కెగ్ దింపి, కొట్టించిన ఐసు వేసి, ఆ ఐసు మధ్యకి నీళ్లు పోయండి. ఉత్త ఐసు కెగ్‌కి అక్కడక్కడే తగులుతుంది, ఐసు నీళ్లయితే చుట్టూ పట్టుకుంటాయి. కెగ్ భుజం దాకా నీళ్లుండాలి. వేడిగా ఉన్న కెగ్ తెచ్చి అక్కడే చల్లబరుద్దాం అనుకుంటే లెక్క వేసుకోండి: 30 డిగ్రీల దగ్గరున్న 19 లీటర్లని 4కి దింపాలంటేనే 6 కిలోలకి పైగా ఐసు కరిగిపోతుంది. బయటి వేడి కలుపుకుంటే అంతకి రెట్టింపు తెప్పించుకోవాలి, గంటల తరబడి ఆగాలి. ఫ్రిజ్‌లోంచి చల్లగా వచ్చిన కెగ్‌కైతే ఆ ఐసు రాత్రి దాకా సరిపోతుంది.

ట్యూబు చుట్టలు కూడా ఆ ఐసు నీళ్లలోనే మునగాలి. బయటికి కనపడే ట్యాప్ మెడకి తడిగుడ్డ చుట్టి, అప్పుడప్పుడూ దాని మీద ఐసు నీళ్లు పోస్తుండమని సప్లయ్ కుర్రాళ్లకి చెప్పండి. జనం ఒకేసారి వచ్చినప్పుడు వరసగా పడుతుంటారు కాబట్టి నురగ రాదు. నెమ్మదించినప్పుడే వస్తుంది, అప్పుడు మొదటి రెండు గుక్కలు జగ్గులోకి వదిలేసి గ్లాసు పట్టాలి.

కరెంటు పోతే?

ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగైదు గంటలు కెగ్‌కి ఏమీ కాదు. ట్యాపుని మాత్రం ముందు చల్లబరుచుకోండి.

గ్లాసు వల్ల కూడా నురగ వస్తుందా?

వస్తుంది. సబ్బు సరిగా పోని గ్లాసు, గుడ్డతో తుడిస్తే నూలు పోగులంటిన గ్లాసు, గీతలు పడిన పాత ప్లాస్టిక్ గ్లాసు, మూడూ బుడగలకి చోటిస్తాయి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టిన గ్లాసు చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ మంచు పలుకుల మీద నురగ ఇంకా ఎక్కువ. చల్లటి నీళ్లతో ఒకసారి తొలిచి, తడిగానే వాడండి. గ్లాసుని బాగా వంచి ట్యాప్ మూతికి దగ్గరగా పెట్టి, అంచు మీద జారేలా పట్టి, ముప్పావు నిండాక నిలబెట్టండి. ట్యాపుని పూర్తిగా తెరవండి. నురగకి భయపడి సగం తెరిస్తే ఆ సన్న సందులోంచి వచ్చేది అంతా నురగే.

ఎన్నాళ్లకోసారి కడగాలి?

కెగ్ ఖాళీ అయిన ప్రతిసారీ, ట్యూబులు రెండు వారాలకోసారి. పాకం కలిపిన సోడా అయితే మన ఉక్కపోతకి ట్యాప్ మూతిలో వారానికే జిగురు కడుతుంది, చీమలు కూడా చేరతాయి. ట్యాప్ విప్పి బ్రష్షు పెట్టి తోమండి. భీమవరం, ఆకివీడు వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లు ఎక్కువ. ఆ నీళ్లతో కడిగితే లోపల తెల్లటి పొర పడుతుంది, ఆ గరుకే నురగకి పుట్టిల్లు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లు ట్యూబులో అరగంట నిలిపి, తరవాత మంచినీళ్లతో తొలిచేయండి. సోడా చేయడానికైతే ఎప్పుడూ తాగే నీళ్లే.

అల్లం సోడాని ఈస్టుతో పులియబెట్టి గ్యాసు పుట్టిస్తున్నాం. రోజురోజుకీ నురగ పెరుగుతోంది, ఎందుకు?

అది ఇంకా పులుస్తూనే ఉంది కాబట్టి. చెట్టు దించిన కల్లు గంట గంటకీ ఎలా పొంగుతుందో మీ కెగ్‌లోనూ అదే జరుగుతోంది. చక్కెర ఉన్నంతసేపు ఈస్టు ఆగదు, 30 డిగ్రీలు దానికి హాయిగా ఉండే వేడి. నురగ సంగతి అలా ఉంచండి, ఇందులో ఇంకా రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఒత్తిడి. కెగ్‌కి రిలీఫ్ వాల్వు ఉంది కాబట్టి కొంతవరకు పర్లేదు, అదే ద్రవాన్ని గాజు సీసాల్లో పోసి బయట పెడితే సీసా పేలి కళ్లకి ప్రమాదం. రెండు, అందులో ఆల్కహాల్ పుడుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు, మందులు వాడేవాళ్లు తాగే పానీయంలో అది తెలియకుండా ఉండకూడదు. అల్లాన్ని పాకంలో కాచి, వడకట్టి, చల్లార్చి, సిలిండరులోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కించండి. రుచికి ఏ లోటూ రాదు.

మా అబ్బాయి డల్లాస్‌లో ఇంట్లో బీరు కాస్తాడు. వాడికీ ఇదే సమస్య. ఇవే సలహాలు పనిచేస్తాయా?

పనిచేస్తాయండీ. అసలు వాళ్లు వాడే 19 లీటర్ల కెగ్‌లు మొదట కూల్‌డ్రింకు కంపెనీలు సిరప్ కోసం వాడినవే, తరవాత ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల చేతికి వచ్చాయి. అంకెలు మాత్రం సోడావి కాకుండా బీరువి పెట్టుకోమనండి: 4 డిగ్రీలు, 12 పీఎస్‌ఐ, 5 మిల్లీమీటర్ల ట్యూబు 3 మీటర్లు. గోధుమ బీరుకి గ్యాసు ఎక్కువ కావాలి కాబట్టి ట్యూబూ పెంచుకోవాలి.

బీరుకి ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఇంకొన్ని. పులియడం పూర్తికాకముందే కెగ్‌లో పోస్తే లోపల గ్యాసు పెరుగుతూనే ఉంటుంది. చక్కెర ఎంత మిగిలిందో తెలిపే హైడ్రోమీటరు రెండు మూడు రోజులు ఒకే అంకె చూపించాకే పోయాలి. గ్యాసు కోసం చక్కెర వేసే అలవాటుంటే సీసాలకి వేసినంత కెగ్‌కి వేయకూడదు, తక్కువ చాలు. అన్నీ సరిగ్గా ఉన్నా వారం వారం నురగ పెరుగుతూ రుచి పులుపు తిరుగుతుంటే బయటి సూక్ష్మజీవి చేరింది, ఆ బీరు పారబోసి కెగ్ రింగులన్నీ మార్చాలి. పైన హాప్స్ వేసేవాళ్లు వాటిని సంచిలో కట్టి వేయాలి. ఇక రెండు వేళ్ల మందం నురగ బీరుకి ఉండాల్సిందే, వాసన అందేది దాని వల్లే. దాన్ని కూడా పోగొట్టాలని తంటాలు పడొద్దని చెప్పండి.

మరి మనం ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవచ్చా?

కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, సొంత వాడకానికైనా సరే. అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టంతో ఇంటి బీరుకి అనుమతి వచ్చింది, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. అక్కడి రూలు ఇక్కడ చెల్లదు. సామాన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని మొదలుపెట్టకండి.

సిలిండరు ఎక్కడ పెట్టాలి? ఎండలో ముల్లు పైకి పోతోంది.

నీడలో, నిలబెట్టి, గొలుసుతో గోడకి కట్టి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరులో ద్రవ రూపంలో ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి దాదాపు 57 బార్లు (ఇదీ ఒత్తిడి కొలతే, ఒక బారు అంటే 14.5 పీఎస్‌ఐ), 30 డిగ్రీలకి 72. 31 డిగ్రీలు దాటాక అది ద్రవంగా ఉండదు, ఆపైన వేడెక్కేకొద్దీ ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మన వేసవిలో పగలంతా ఆ గీత దాటే ఉంటాం. అందుకే ఎండలో వదిలేయొద్దని ఇంత గట్టిగా చెబుతున్నాం. గ్యాసు ఎంత మిగిలిందో ముల్లు చూసి తెలుసుకోవడం కూడా కుదరదు, కాటా మీద తూచండి. ఖాళీ బరువు సిలిండరు మీదే కొట్టి ఉంటుంది.

గ్యాసు నింపించేటప్పుడు తినే, తాగే వస్తువులకి పనికొచ్చేదే అని అడిగి తీసుకోండి. రొయ్య పిల్లల ప్యాకింగ్‌కి వాడే ఆక్సిజన్ సిలిండరు వేరు, దాని రెగ్యులేటరు వేరు. ఒకదానిది ఇంకోదానికి ఎలాగోలా బిగించే ప్రయత్నం అస్సలు చేయకండి.

ఈ గ్యాసు గాలి కంటే బరువు, రంగు, వాసన ఉండవు. లీకైతే నేల మట్టాన పేరుకుంటుంది. ఏసీ వేసుకుని తలుపులు బిగించుకుని పడుకునే గదిలో సిలిండరు ఉంచకూడదు. తలనొప్పి, ఆయాసం అనిపిస్తే వెంటనే బయటికి వచ్చేసి తలుపులు తీయండి. బిగింపుల మీద సబ్బు నీళ్లు రాసి నెలకోసారి చూసుకోండి, బుడగ వస్తే లీకు ఉన్నట్టే.

నురగ అస్సలు లేదు, సోడా చప్పగా ఉంది. అప్పుడు?

మూత రబ్బరు దగ్గర లీకై ఉంటుంది, లేదా సిలిండరు ఖాళీ. ఆ సబ్బు నీళ్లే మూత చుట్టూ రాయండి. లీకు లేకపోతే గ్యాసు పెట్టి వారం కాలేదేమో చూసుకోండి.

ఫంక్షన్ అయ్యాక మిగిలిన సోడా ఎన్నాళ్లు ఉంటుంది?

ఉత్త సోడా నీళ్లయితే, చల్లగా, గ్యాసు తగిలించి ఉంచితే నెల పైనే బాగుంటుంది. పాకం, నిమ్మరసం కలిపినదైతే ఫ్రిజ్‌లో ఉన్నా నాలుగైదు రోజుల్లో తాగేయండి. మండపంలో వేడెక్కిపోయిన కలిపిన సోడాని మళ్లీ చల్లబరిచి దాచకండి, ఆ రాత్రే పారబోసి కెగ్ కడిగేయండి.